పెరటి దర్వాజకు నేను కట్టించిన గోడ

నాకు దారి కావాలన్నది రెండో కోరిక. మొదటి కోరిక మా అన్న జడ్జి ముందు చేతులు కట్టుకుని నిలబడాలని. ఈ వరస ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కోర్టుకు రాసిచ్చిన కాగితంలో దీన్ని తలకిందులు చేసి రాశాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, మా పెద్దబాపు కొడుకు. చెన్నూరులో మా రెండిళ్లూ పక్కపక్కనే ఉంటాయి. గోదావరి ఉబ్బితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయోనన్న భయంతో మా తాత రెండిళ్లనూ ఎత్తున కట్టించాడు. ముందు వాకిట్లోంచి మా ఇంట్లోకి రావాలంటే ఏడు మెట్లెక్కాలి. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఇనుప పట్టీలు కట్టుకుని, చంకకర్రలు పట్టుకుని సమంగా ఉన్న నేల మీద నాలుగడుగులు వేయగలను. మెట్లు నా వల్ల కాదు. కాబట్టి ఆ ముందు తలుపు నాకు ఉన్నా లేనట్టే.

అందుకే మా బాపు, రెండిళ్ల మధ్య ఉన్న నాలుగడుగుల సందులోకి మా పక్కగోడ పగలగొట్టించి ఒక దర్వాజ పెట్టించాడు. దర్వాజ నుంచి వీధి దాకా నాపరాళ్లతో ఏటవాలుగా బాట పరిపించాడు. ఆ రోజు పెద్దబాపు దగ్గరుండి, "సందు ఇద్దరిది. పిల్ల పోయేటి తోవకు అడ్డం ఏం పెట్టం" అన్నాడని మా అవ్వ, నన్ను కన్నతల్లి, చెప్పేది. కాగితం రాసుకోలేదు. అన్నదమ్ములు కాగితం రాసుకోవడాన్ని సిగ్గుచేటుగా అనుకున్న మనుషులు వాళ్లు. నేను బడికి పోయింది ఆ సందులోంచే, టైపు నేర్చుకోవడానికి పోయింది ఆ సందులోంచే. మూడు చక్రాల స్కూటీ కొనుక్కున్నాక దర్వాజ దగ్గరే బండెక్కి, ఎవరి చెయ్యీ పట్టకుండా బజారుకు పోయేదాన్ని. అవ్వా బాపూ పోయాక కూడా ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండగలిగానంటే ఆ సందు వల్లే.

నా బతుకుతెరువు కోర్టు ఎదుట టైపింగ్. మొదట మిషన్ మీద, తర్వాత కంప్యూటర్ మీద, ఇరవై ఏళ్లు దాటింది. మా దిక్కు సివిల్ కేసులంటే పొలం గట్టు, బాట, బావి, గోడ. వీటన్నిటికీ వకీళ్లు అడిగేది ఒక్కటే, ఇంజంక్షన్. ఫలానా మనిషి ఫలానా పని చెయ్యకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. ఆ పిటిషన్లు ఎన్ని టైపు చేశానో, కళ్లు మూసుకుని అప్పజెబుతాను. "వాదికి వేరే దారి లేదు." "జరిగే నష్టం డబ్బుతో పూడేది కాదు." "వాది శుభ్రమైన చేతులతో కోర్టు ముందుకు వచ్చినాడు, ఏ విషయమూ దాచలేదు." పేర్లు మారుతాయి తప్ప ఈ మాటలు మారవు. వాటిని టైపు చేసేటప్పుడు నేను ఛాయ్ తాగుతూ పక్కవాళ్లతో ముచ్చట పెట్టేదాన్ని.

మూడేళ్ల కింద ఒక ఎండాకాలం, పట్టీలు బాగు చేయించుకోవడానికి మంచిర్యాలకు పోయి రెండు రోజులున్నాను. తిరిగొచ్చి ఆటో దిగేసరికి సందు మొదట్లో గోడ లేచి ఉంది. నా తలకంటే ఎత్తు. నా బండి గోడకు అవతల చిక్కుకుపోయింది. నేను రోడ్డు మీద చంకకర్రల మీద నిలబడి ఉన్నాను.

అన్న తన ఇంటి ముందున్న దుకాణంలోంచి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"చెల్లె, పరేషాన్ గాకు. దుకాణం జర ఇటు జరుపుతున్న. నీకు రోజు ఆటో మాట్లాడి పెడ్త, పైసలు నేనే ఇస్త. ఎత్తి కూసోబెట్టెటందుకు మనుషులే లేరా ఏంది?"

"నన్ను ఎత్తుతరా? నేనేమన్న వడ్ల బస్తనా?"

"గంత కోపమెందుకే. నాలుగు ఫీట్ల జాగ ఉత్తగ పడి ఉంటే ఎవలికి ఫాయిదా?"

ఉత్తగా పడి ఉందట. నలభై ఏళ్లుగా నేను ప్రపంచంలోకి పోయి వచ్చిన జాగా అతని కంటికి ఉత్తగా పడి ఉంది. వాడి దుకాణం కూలిపోవాలని, వాడి కాళ్లు కూడా పడిపోవాలని, ఆ ఏడు మెట్ల కింద వాడు ఒక్క పూటన్నా కూర్చుని ఏడవాలని అక్కడే నిలబడి కోరుకున్నాను. ఇప్పుడు తలచుకున్నా అందులో ఒక్క కోరికనూ వెనక్కి తీసుకోబుద్ధి కాదు.

ఆ సాయంత్రం నన్ను పట్టుకుని మెట్లెక్కించింది అన్న భార్య, మా వదిన. ఆదిలాబాద్ దిక్కు పిల్ల, పొలం పని చేసిన చేతులు. వెనక నుంచి నా చంకల కింద చేతులు పెట్టి, ఒక్కో మెట్టుకూ ఆగుతూ లాగింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు మళ్లీ వచ్చి కిందికి దించి ఆటోలో కూర్చోబెట్టింది. నేను పిలవలేదు, అడగలేదు. మొగుడు చేసిన పాపం కడుక్కుంటోందిలే అనుకున్నాను. కృతజ్ఞత లాంటిదేమీ నాకు కలగలేదు.

నేను టైపు చేసిపెట్టే వకీళ్లలో అందరికంటే పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన నా మాటంతా విని కళ్లద్దాలు తీశాడు.

"జూడమ్మా, పైసలిస్తే తీరే నష్టమైతే కోర్టు పైసలే ఇప్పిస్తది. తీరనిదైతేనే ఇంజంక్షన్. వెనకట ఇంగ్లండుల రాజు కోర్టులు పైసలు దప్ప ఇంకోటి ఇయ్యకపోయేది. గప్పుడు జనం రాజు కాడికే పోయి, మాకు పైసలొద్దు, న్యాయం కావాలె అని మొరపెట్టుకుండ్రు. రాజు గా పని మంత్రికి ఒప్పజెప్పిండు. ఆయన ఆ మనిషినే పిలిచి, ఇది చెయ్యి, అది చెయ్యకు అని ఆ మనిషి మీదనే ఆజ్ఞ ఏసేది. మనం అడిగేది గదే. ఇది పద్దు జూసి లెక్కగట్టి ఇచ్చేది కాదు, జడ్జికి న్యాయమనిపిస్తేనే ఇచ్చేది. గందుకే అడిగేటోళ్లు మొదలు తమ దిక్కు సాఫ్ ఉంచుకోవాలె."

నేను తలూపాను. ఆ చివరి మాట ఇరవై ఏళ్లుగా టైపు చేస్తున్నదే కదా, కొత్తగా వినాల్సిందేముందని అనుకున్నాను. ఆయన కాగితాలు తెప్పించి చూస్తే అన్న ఉంటున్న ఇల్లు వదిన పేరు మీద ఉంది. మా దగ్గర చాలామంది అలాగే రాయించుకుంటారు. "అయితే మొదటి ప్రతివాది ఆమెనే, మీ అన్న రెండు" అన్నాడు. ఎవరి పేరైతే నాకేం, ఇద్దరినీ పెట్టుండ్రి సార్ అన్నాను.

నా పిటిషన్ నేనే టైపు చేసుకున్నాను. "మొదటి ప్రతివాది దురుద్దేశంతో, నా అవిటితనాన్ని ఎగతాళి చేస్తూ గోడ కట్టించింది" అని కొట్టాను. ఎగతాళి చేసింది వదిన కాదు. కానీ మొదటి ప్రతివాది మీద ఘాటుగా ఒక వాక్యం ఉండాలి, అన్ని పిటిషన్లలోనూ ఉంటుంది. కొట్టేటప్పుడు నా వేళ్లకు భలే హాయిగా ఉంది. తర్వాత "వాదికి వేరే దారి లేదు" అన్న వాక్యం దగ్గరికి వచ్చి ఆగాను.

మా ఇంటి వెనక పెరట్లో ఒక చిన్న దర్వాజ ఉంది. దాన్ని తీస్తే మురికి కాలువ, దాని మీద రెండు బండలు, ఆ తర్వాత ముళ్లకంప. చెత్త పారబోయడానికి పనిమనిషి తీసేది. అయినా అది దర్వాజే. అన్న వకీలు దాన్ని చూపించి ఇదిగో వేరే దారి అంటాడు. కేసు పోతుంది, వాడు నవ్వుతాడు. ఆ నవ్వు అప్పుడే కళ్ల ముందు కనిపించి నా ఒళ్లు మండింది.

మర్నాడు పక్క ఊరి నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను.

"గట్టిగున్న దర్వాజ, ఎందుకు మూపిస్తున్నవమ్మా?" అన్నాడు.

"పాములొస్తున్నయ్."

మధ్యాహ్నానికల్లా ఇటుకలు పేర్చి సిమెంటు పూసేశాడు. నేను పెరటి గడపలో కూర్చుని చూశాను. అన్న నాకు ఒక గోడ కట్టాడు, నేను నాకే ఇంకో గోడ కట్టించుకుంటున్నాను. అయినా ఆ పూట నాకు అది పిచ్చితనం అనిపించలేదు, నా తెలివికి నాకే ముచ్చటేసింది. తలెత్తితే పక్క డాబా మీద వదిన మిరపకాయలు ఎండబోస్తూ కనిపించింది. మేస్త్రీని చూసింది, నన్ను చూసింది, మళ్లీ వంగి మిరపకాయలు పరుచుకుంది. నేను లోపలికొచ్చి "వేరే దారి లేదు, ఎన్నడూ లేదు" అని కొట్టాను. ఏ విషయమూ దాచలేదని కూడా కొట్టి సంతకం పెట్టాను.

కేసు తేలేలోపే గోడ తీయించమని మధ్యంతర పిటిషన్ కూడా వేశాం. జడ్జి మేడమ్ జాగా చూసి రమ్మని ఒక చిన్న వయసు వకీలమ్మను కమిషనర్‌గా పంపింది. ఆ అమ్మాయి టేపు పట్టుకుని సందు కొలిచింది, గోడ ఎత్తు కొలిచింది, నా మెట్లు లెక్కపెట్టి రాసుకుంది. నేను లోలోపల పొంగిపోతున్నాను. అంతలో పెరట్లోకి నడిచింది. అక్కడి గోడ ముందు ఆగి, తన స్కూటీ తాళంచెవితో సిమెంటు గీకింది. పొడి రాలింది. పాత గోడ నల్లగా, మధ్యలో ఆ ముక్క తెల్లగా, దర్వాజ ఆకారంలోనే ఉంది. నేను రోజూ దాన్ని చూస్తూ కూడా ఆ తేడా గమనించలేదు.

"ఇది ఎప్పుడు కట్టిండ్రు?"

"చాన రోజులైంది మేడం" అన్నాను.

"గీ మొన్ననే కట్టించింది మేడం, కేసు కోసమని," అని అన్న అరిచాడు. "అడుగుండ్రి, మా ఆమె డాబ మీదికెల్లి చూసింది."

ఆ అమ్మాయి వదిన వైపు తిరిగింది. వదిన కొంగు సర్దుకుంది.

"నాకు తెల్వదు మేడం. నేను అటు చూడలే."

అన్న గిర్రున ఆమెవైపు తిరిగాడు. నా మీద కేసు పడిన మనిషి, నేను అబద్ధాలు రాసిన మనిషి, నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. నిజం చెప్పడానికి అదే అదను. చెప్పలేదు. అన్న ముందు తల వంచడం కంటే ఏదైనా మేలనిపించింది.

కమిషనర్ ఫొటోలు తీసుకుని, పచ్చి సిమెంటు అని రాసిచ్చింది. జడ్జి మేడమ్ మధ్యంతర పిటిషన్ కొట్టేసింది. న్యాయం చెయ్యమని వచ్చిన మనిషే నిజం దాచింది కాబట్టి ఈ దశలో ఈ కోర్టు ఆమెకు సాయం చెయ్యదని, అసలు కేసు విచారణలోనే తేల్చుకోమని చదివింది. అన్న నావైపు తిరిగి నవ్వాడు. నేను ఊహించిన నవ్వే.

బయటికొచ్చాక వకీలు సారు ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"దర్వాజ ఉందంటే కేసు పోతదనుకున్న సార్."

"ఎందుకు పోతది? నలభై ఏండ్ల సంది నడుస్తున్న తోవ నీది, ఎవలు అడ్డం చెప్పలే. ఇంకో తోవ ఉన్నా లేకున్నా గా హక్కు యాడికి పోదు. వేరే దారి లేదన్న మాట నీ కేసుకు అవసరమే లేదమ్మా. అలవాటు చొప్పున కొట్టినవనుకొని నేను సుత సంతకం పెట్టించిన. నిజం చెప్పి ఉంటే గీ రోజే గోడ తీపిచ్చెటోన్ని."

ఇరవై ఏళ్లు ఆ వాక్యం కొట్టాను. అది ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో ఒక్కసారీ అడగలేదు. ఆ అక్కర్లేని వాక్యాన్ని నిజం చెయ్యడానికి ఇటుకలు కొన్నాను. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. మేస్త్రీని మళ్లీ పిలిపించి ఆ గోడ తీయించాను. వాడు ఈసారి ఏమీ అడగలేదు.

తర్వాత పద్నాలుగు నెలలు కేసు నడిచింది. పద్నాలుగు నెలలూ వదినే నన్ను దించింది, వదినే ఎక్కించింది. ఒకరి చేతుల్లో రోజుకు రెండుసార్లు వేలాడటం ఎలా ఉంటుందో చెప్పలేను. ఆమె రొప్పు నా మెడకు తగిలేది. వానాకాలం మెట్లు జారితే తన కాలు అడ్డం పెట్టి నన్ను ఆపింది, మోకాలు దోక్కుపోయింది. నేను సారీ కూడా అనలేదు. ఆమె ఎంత మంచిగా చేస్తే నాకు అంత కోపం పెరిగేది. గోడ కట్టినవాడు దుకాణంలో ఫ్యాను కింద కూర్చున్నాడు, చాకిరీ ఈమె చేస్తోంది, నేనేమో మొయ్యబడుతున్నాను. ఈ కోపమంతా అన్న నెత్తిన దింపే రోజు కోసం ఎదురుచూశాను.

విచారణలో నేను ఒప్పుకున్నాను. దర్వాజ ఉండేదని, నేనే మూయించానని, కోపం మీద చేశానని చెప్పాను. జడ్జి మేడమ్ రాసుకుంది. ఆ తర్వాత ప్రతివాదుల వంతు. అన్న బోనెక్కుతాడని నేను ఆ పొద్దున ఉతికిన చీర కట్టుకుని తయారయ్యాను. కానీ ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కదా మొదట చెప్పాలి. ఎక్కింది వదిన. ఆ పొద్దున కూడా నన్ను దించింది ఆమే. ఇద్దరం ఒకే ఆటోలో కోర్టుకు పోయాం.

మా వకీలు సారు తన పని తాను చేశాడు. నా పిటిషన్ తీసి నా వాక్యమే చదివాడు. "దురుద్దేశంతో, వాది అవిటితనాన్ని ఎగతాళి చేస్తూ గోడ కట్టించినవ్. నిజమేనా?"

వదినకు ఆ వాక్యం సంగతి అప్పటిదాకా తెలియదనుకుంటా. బోనులోంచి నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"ఆమెనే రాసింది గదా సార్. ఆమెకే తెలుస్తది."

"మరి రోజు ఆమెను మెట్లు దించేది నువ్వేనట గదా? అంటే సందు మూసినంక ఆమె సొంతంగ బయటికి పోలేదన్నట్టే గదా?"

"అవు సార్. ఎవలన్న దించాలె గదా."

మా కేసు గెలిచింది ఆ ఒక్క జవాబుతో, ఇది ఆటో పైసలతో పూడే నష్టం కాదని తేలిపోయింది. జడ్జి మేడమ్ రాయడం ఆపి నావైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

తీర్పు నా పక్కన వచ్చింది. మొదటి ప్రతివాది నెల లోపల గోడ తీసేసి, సందును ఎప్పటిలా వదలాలి. నా నడత బాగాలేదు కాబట్టి ఖర్చులు నేనే భరించుకోవాలి. ఆ సాయంత్రం పక్కింట్లోంచి అన్న గొంతు మా ఇంట్లోకి వినిపించింది. "దాన్ని రోజు మోసుకపోయినవ్ గదా. కోర్టుల గదే ఒప్పుకున్నవ్ గదా. ఇగ నీ చేతులతోనే కూలగొట్టుకో." ఏదో కంచం గోడకు తగిలిన చప్పుడైంది. నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. అన్నను ఏడిపించాలని ఏడాదిన్నర కష్టపడ్డాను, ఏడుస్తున్నది అన్న కాదు.

నెల దాటినా అన్న గోడ ముట్టలేదు. ఉత్తర్వు అమలు చేయించే కోర్టు ఉద్యోగి, అమీనా, కూలీలతో వచ్చిన రోజు ఊళ్లోనే లేకుండా పోయాడు. నేను గెలవడం చూడాల్సిన ఒక్క మనిషీ లేడు. ఉత్తర్వు వదిన పేరు మీద ఉంది కాబట్టి వదినే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దుమ్ములో నిలబడింది. ఇటుకలన్నీ పడ్డాక అమీనా కాగితం చాపితే, మెల్లగా అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"తోవ సాలుతదేమో ఆమెనడుగుండ్రి" అంది అమీనాతో, నాతో కాదు.

టైర్లలో గాలి పోయిన నా బండిని కూలీలు అటూ ఇటూ నెట్టి చూపించారు. సాలుతది అన్నాను.

"అయితే రేపటిసంది నేను రాను" అంది వదిన. ఈసారి నాతోనే.

వద్దు, రా అనాలనిపించింది. దేనికి రమ్మనను? గోడ తీయించమని అడిగిందే ఆమె రాకుండా ఉండటానికి. గెలిచిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు టైర్లకు గాలి కొట్టించుకుని, దర్వాజ దగ్గరే బండెక్కి, సందులోంచి ఒక్కదాన్నే బయటికొచ్చాను. అన్న అరుగు మీద కూర్చుని నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. కడుపు నిండుతుందనుకున్నాను, నిండలేదు. వాళ్ల తలుపు ముందు బండి ఆపి, "వదినె" అని పిలిచాను. చాలాసేపటికి చీపురు పట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఏమన్న కాగితం తెచ్చినవా? సంతకం పెట్టాల్నా?"

లేదన్నాను.

"మరి పో. కోర్టుకు యాళ్లయితుంది" అని తలుపు దగ్గరికి వేసుకుంది.